గైర్హాజరు

ఇంపి రౌతియైనెన్ టీచర్ పోయిన వారానికి
హౌకీయార్వి సరస్సు మీద మంచు విరిగింది.
ఇంకొక్క వారం ఆగి ఉంటే, అన్నారు అందరూ.
ఎనభై మూడేళ్ళు. ఓపిక గల మనిషి.
బెండు మునిగేదాకా రెప్ప వెయ్యని మనిషి.

మాకు లెక్కలు చెప్పేది.
భిన్నాలు నా తలకెక్కలేదు, ఇప్పటికీ ఎక్కవు.
ముప్పయ్యేళ్ళుగా దుంగల లారీ నడుపుతున్నాను,
దారిలో ఎవరూ ఆపి లవమూ హారమూ అడగలేదు.
కానీ పొలుసు గీకడం, పొట్ట చీల్చడం,
పిల్లల గొంతులో ముల్లు పడకుండా ఒలిచిపెట్టడం
ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

అది చెప్పాలంటే ఒక మే నెల మంగళవారం దాకా
వెనక్కి వెళ్ళాలి. నాకు పదకొండేళ్ళు.
బడికని బయల్దేరి, బర్చ్ చెట్ల మధ్య పక్కదారి పట్టి,
సంచీ ఒక రాయి కింద దాచి
రెల్లు తప్పించి చూద్దును కదా
పడవలో, తలకు ఎర్ర రుమాలు కట్టుకుని,
రబ్బరు బూట్ల కాళ్ళు బారజాపుకుని,
జ్వరమని సెలవు పెట్టిన టీచర్.

నేను నీళ్ళు నమిలాను.
ఆమె వానపామును గాలానికి గుచ్చడం
నిదానంగా పూర్తిచేసి,
"బూట్లు విప్పి ఎక్కు. పడవ ఊపకు" అంది.

ఆ పూటకి అంతకంటే పాఠం లేదు.
నాలుగు చారల చేపలు పడితే మూడింటిని వదిలేసింది.
"జానెడు లేవు, ఇంకో రెండేళ్ళు చదువుకోనీ."
రై రొట్టె మూడు ముక్కలు చేసి
రెండు నాకిచ్చింది.
అది ఎన్నో వంతు అని అడగలేదు.
అడగనందుకు ఆ క్షణాన ఆమె కోసం
ఆ చల్లటి నీళ్ళలోకైనా దూకేవాణ్ణి.

మర్నాడు హాజరు పట్టీ తెరిచి, నా పేరు దగ్గర ఆగి,
"నిన్న?"
"కడుపునొప్పి, టీచర్."
"తగ్గిందా?"
"తగ్గింది. మీ జ్వరం?"
"అదీ తగ్గింది."
నలభై అయిదేళ్ళు నా పెళ్ళానికి కూడా చెప్పలేదు.

రిటైరయ్యాక ఆమెను ఒడ్డు మీద చూసినవాళ్ళు తక్కువ.
చలికాలం మంచుకు బెజ్జం వేసి, ముక్కాలిపీట మీద,
ఫ్లాస్కూ తనూ.
వేసవిలో అర్ధరాత్రి వెలుగులో పడవ.
వీడ్కోలు సభలో బడివాళ్ళు బహుమతిగా ఇచ్చిన
పాత ఇనుప గంటను
పడవకు లంగరు చేసుకుంది.
హెడ్మాస్టరు నొచ్చుకున్నాడు.
"మోగీ మోగీ అలిసింది, కాస్త మునగనీ" అందట.

అంత్యక్రియల తర్వాత చర్చి హాల్లో కాఫీ,
యాలకుల బన్నులు. మా వైపు ఎవరూ ఎక్కువ మాట్లాడరు.
కప్పులే మాట్లాడుకుంటున్నాయి.
ఏ ధైర్యం వచ్చిందో లేచి నిలబడి
నా మంగళవారం చెప్పేశాను.
ఎవరూ నవ్వలేదు.
పోస్టాఫీసు తర్యా చెంచా కిందపెట్టి,
"నాది సెప్టెంబరు. ఎనభై రెండు" అంది.
వెనక బల్ల దగ్గర యర్మో చెయ్యెత్తాడు,
తరగతిలో ఎన్నడూ ఎత్తని చెయ్యి.
ఇంకొకరు. ఇంకొకరు.
ఆఖరికి పాస్టరే, కళ్ళద్దాలు తుడుచుకుంటూ,
"నాకు మొత్తం చేప ఇచ్చింది" అన్నాడు.
ఒక్క క్షణం అసూయ పడ్డాను, నిజం చెప్పొద్దూ.

బడి ఎగ్గొట్టే పిల్లల కోసమే
అక్కడ కాచుకుని కూర్చునేదేమో అని పాస్టరు.
అలాంటివి చెప్పడం ఆయన ఉద్యోగం.
నాకలా అనిపించదు.
ఆమెకు చేపలంటే ఇష్టం. మేం అడ్డొచ్చాం.
అడ్డొచ్చినవాళ్ళకి చోటిచ్చింది, అంతే.

పడవ ఎవరికీ రాసిపెట్టలేదు గనక
ఈ ఉదయం నేనే విప్పాను.
రెల్లు దాటాక గంట దించాను.
నీళ్ళను తాకే ముందు ఒక్కసారి మోగింది.
బడి పెట్టిన గంటో, వదిలిన గంటో,
ఎప్పటిలాగే నాకు తెలియలేదు.

లారీ ఆఫీసుకు ఫోన్ చేసి
జ్వరమని చెప్పాను.